అల్లుడి చేతికి వాచీ కొనే ముందు



వచ్చే తై మాసంలో మన వాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లు చాలా ఉన్నాయి. ఈ రెండు నెలల్లో మూడిళ్ల నుంచి మాకు ఫోను వచ్చింది. అందరూ అడిగింది ఒకటే. "అల్లుడికి సీరులో మంచి విదేశీ వాచీ పెడదామనుకున్నాము. కుర్రాడిది సన్నని చెయ్యి. ఎంత సైజు తీసుకోవాలి?" ఇది ఫోనులో చెప్పి ముగించే సంగతి కాదు. లక్షల్లో పెట్టే డబ్బు, అదీ జన్మకొకసారి పెట్టే డబ్బు. అందుకని తీరిగ్గా రాస్తున్నాము. పొడుగు అనిపిస్తే రెండు విడతలుగా చదువుకోండి.

ముందే ఒక మాట. వియ్యాలవారు అడిగి పుచ్చుకునే వాచీ గురించి కాదు ఇది. నోరు తెరిచి అడిగితే అది కట్నం, 1961 నుంచీ చట్టం దాన్ని కూడదంటోంది. మనంతట మనం మనసుపడి పెట్టే వాచీ గురించే ఈ రాత.

మా కాలంలో సైజు అనే ప్రశ్నే లేదు. అల్లుడికి వాచీ అంటే హెచ్‌ఎమ్‌టి. 1961లో జపాను సిటిజన్ కంపెనీ తోడ్పాటుతో బెంగళూరులో మొదలైన ఫ్యాక్టరీ అది. జనతా అనే కీ ఇచ్చే వాచీ అడ్డం సుమారు 35 మిల్లీమీటర్లు. లావు చెయ్యి వాడికీ అదే, సన్న చెయ్యి వాడికీ అదే. మా నాయన తరంలో ఫేవర్ లూబా, వెస్ట్ ఎండ్ కట్టేవారు, అవీ ఆ కొలతకు అటూ ఇటూనే. తరువాత 1984లో టాటాలూ తమిళనాడు ప్రభుత్వపు టిడ్కో సంస్థా కలిసి టైటాన్ పెట్టారు, మన హోసూరులో. హోసూరు వైపు మన తెలుగు ఇళ్లు ఎన్నున్నాయో మీకు చెప్పనక్కర్లేదు. ఆ టైటాన్ వాళ్లే ఎడ్జ్ అని ఒకటి చేశారు, మొత్తం మందం 3.5 మిల్లీమీటర్లు. బక్క చేతి వాళ్లకు అది ఇప్పటికీ చక్కగా అమరుతుంది. మాకు నచ్చిన వాచీ కూడాను. కానీ సీరు తట్టలో అది పెడితే ఈ రోజుల్లో ఎవరూ తల తిప్పి చూడరు. అక్కడే వచ్చింది చిక్కు.

పోయిన ఆవణిలో మా తమ్ముడి కూతురి పెళ్లి జరిగింది. తమ్ముడు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి అల్లుడి వాచీకని కొంత విడిగా తీసి పెట్టుకున్నాడు. ఎంత అనేది వాడి సంగతి, రాయము. వాడి మనసులో ఉన్నది 42 మిల్లీమీటర్ల వాచీ. చుట్టూ తళతళలాడే రింగు, బంగారు రంగు, బరువైన చైను. ఎందుకురా అంత పెద్దది అని అడిగితే, "అన్నా, మండపంలో వెనక వరుసలో కూర్చున్న వాళ్లకు కూడా కనపడాలి కదా" అన్నాడు. అది పైకి చెప్పిన మాట. లోపలి భయం రాత్రి అన్నాలయ్యాక మా ఇంటావిడ దగ్గర బయటపెట్టాడు. "వదినా, చిన్నది పెడితే ఆడవాళ్ల వాచీ పెట్టి సరిపెట్టారంటారు. బిడ్డను ఇచ్చే చోట మాట పడకూడదు."

ఈ భయం వాడికి ఊరికే రాలేదు. చెన్నైలో ఒక పెద్ద షోరూములో అమ్మే కుర్రాడు, "36 అంటే లేడీస్ సార్, జెంట్స్ అంటే 41 నుంచే" అని చెప్పి పంపాడు. ఈ ఒక్క మాట మీద కొంచెం ఆగాలి. మనవాళ్ల లక్షలు ఈ మాట దగ్గరే తప్పుదోవ పడుతున్నాయి.

అసలు మగవాడు చేతికి వాచీ కట్టడమే నూట పాతికేళ్ల కింద అరుదు. మగవాడిది జేబు గడియారం. చేతికి కట్టేది ఆడవాళ్ల నగ. 1904లో పారిస్‌లో కార్టియే అనే నగల వర్తకుడు తన స్నేహితుడు సాంటోస్ డ్యూమాంట్ కోసం ఒక చేతి వాచీ చేయించాడు. ఆ స్నేహితుడు విమానం నడిపేవాడు, రెండు చేతులూ పనిలో ఉండగా జేబులోంచి గడియారం తీయడం కుదరలేదు. బ్రెజిల్ దేశపు ఆ డ్యూమాంట్ పొట్టిగా, బక్కపలచగా ఉండేవాడు. మగవాళ్ల కోసం చేసిన తొలి చేతి వాచీల్లో పేరు పొందినది అలాంటి సన్నని మనిషి చేతి మీద ఎక్కింది. మన కుర్రాళ్లు సిగ్గుపడటానికి ఏముంది?

1932లో పాటెక్ ఫిలిప్ కంపెనీ కలట్రావా అనే మగవాళ్ల వాచీ తెచ్చింది. దాని అడ్డం 31 మిల్లీమీటర్లకు మించదు. ఈ రోజు అదే కొలత తీసుకెళ్లి ఆ షోరూము కుర్రాడికి చూపిస్తే నేరుగా ఆడవాళ్ల అరకు పంపిస్తాడు. రోలెక్స్ డేట్‌జస్ట్ 1945లో వచ్చింది, 36 మిల్లీమీటర్లు. ఆ రోజుల్లో అది నిండు మగ సైజు. రోలెక్స్‌దే ఎక్స్‌ప్లోరర్ అని కొండలెక్కే వాళ్ల పేరు మీద అమ్మిన వాచీ 36గా ఉండేది. 2010లో దాన్ని 39 చేశారు. 2021లో మళ్లీ 36కే తెచ్చారు. చేసినవాడే వెనక్కి వచ్చాడు. మన మండపం వెనక వరుస మాత్రం ఇంకా 42 దగ్గరే ఆగి ఉంది.

పెద్ద వాచీలు ఎక్కడి నుంచి వచ్చాయంటే, ఎక్కువగా యుద్ధం నుంచి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ విమానాల్లో దారి లెక్క కట్టే వాళ్లకు 55 మిల్లీమీటర్ల వాచీలు ఇచ్చారు. వాటిని దళసరి కోటు చెయ్యి మీద కట్టుకునేవారు, ఒట్టి చేతికి కాదు. ఇటలీ నౌకాదళంలో నీళ్లలో మునిగి పనిచేసే వాళ్లకు పనెరాయ్ కంపెనీ 47 మిల్లీమీటర్లవి చేసింది, చీకటి నీళ్లలో కనపడాలని. ఆ పనిముట్ల అచ్చు ఇరవై ముప్ఫై ఏళ్ల కింద ఫ్యాషనై బజారుకెక్కింది. కోవిల్‌పట్టి ఎండలో తెల్ల చొక్కా వేసుకునే మన కుర్రాడు ఏ కోటు మీద కడతాడు దాన్ని?

ఇంకొకటి మన దేశంతో ముడిపడింది. జేజర్ లెకుల్ట్ర్ కంపెనీ రెవర్సో అని 1931లో వచ్చింది. ఇండియాలో పోలో ఆడే బ్రిటిష్ అధికారులు, ఆటలో అద్దాలు పగిలిపోతున్నాయని మొర పెట్టుకుంటే, మొహం లోపలికి తిప్పి దాచుకునేలా చేశారు. పలక లాగా పొడుగ్గా ఉంటుంది. ఇప్పుడు వస్తున్న మీడియం సైజు నిలువు సుమారు 40, అడ్డం 24 మిల్లీమీటర్లు చిల్లర. గుర్రం మీద కూర్చుని కర్ర తిప్పే మగవాళ్ల కోసం పుట్టిన వాచీ ఇది.

చరిత్ర చాలు. తమ్ముడికి ఇదంతా చెబితే, "సరే అన్నా, మరి ఎంత కొనాలి?" అన్నాడు. దానికి మేము, ముందు కుర్రాడి చెయ్యి చూడాలి అన్నాము. ఉంగరానికి వేలి కొలత అడుగుతాము, చొక్కాకు భుజం కొలత అడుగుతాము, చెప్పులకు పాదం అడుగుతాము. వీటన్నిటికంటే ఖరీదైన వాచీకి మాత్రం ఎవరూ చెయ్యి అడగరు. తట్టలో పెట్టి తెరిచేదాకా కుర్రాడికి తెలియకూడదట, అది సంతోషమట!

మేము, మా ఇంటావిడ ఒక ఆదివారం కుర్రాడిని భోజనానికి పిలిచాము. మంచి కుర్రాడు, కోయంబత్తూరులో ఉద్యోగం. ఆ ఎండలో కూడా ఫుల్ హ్యాండు చొక్కా, మణికట్టు దగ్గర గుండీ పెట్టే ఉంది. చెయ్యి కడుక్కునేటప్పుడు కూడా పైకి మడవలేదు. మా ఇంటావిడ గమనించింది. మా ఇంటి మగవాళ్లందరివీ సన్నని చేతులే కాబట్టి ఆమెకు ఆ గుండీ అర్థం తెలుసు. వాచీ సంగతి ఎత్తి, కొలత తీయాలి నాయనా అంటే కాసేపు తటపటాయించి, "బళ్లో నా చెయ్యిని మునక్కాయ అనేవాళ్లు మామా" అన్నాడు. ఉద్యోగం వచ్చిన కొత్తలో వాళ్ల నాయన పెద్ద వాచీ కొనిచ్చారట. నాలుగు రోజులు కట్టి, చెయ్యి ఇంకా సన్నగా కనపడుతోందని చిన్నాయన కొడుక్కి ఇచ్చేశాడట. నాయనకు ఇంతవరకు చెప్పలేదు.

సన్నని చేతికి పెద్ద వాచీ కడితే చెయ్యి లావుగా కనపడుతుందని చాలామంది అనుకుంటారు. చిన్న స్తంభం మీద పెద్ద గోపురం పెట్టినట్టు, స్తంభమే ఇంకా సన్నగా కనపడుతుంది. ఈ కుర్రాడు ఇంకో పెద్ద వాచీని కూడా గుండీ కింద దాచుకునేవాడు, లేకపోతే బీరువాలో పెట్టేవాడు. మా తమ్ముడి రిటైర్మెంటు డబ్బు ఆ బీరువాలో కూర్చునేది.

ఇప్పుడు కొలత. దర్జీ టేపు తీసుకోండి. మణికట్టు బయటి పక్కన ఒక ఎముక గుబ్బ ఉంటుంది. (తమిళంలోనూ మణికట్టే, తెలుగులోనూ మణికట్టే, ఈ ఒక్క మాటకు మనం రెండు బళ్లకు పోనక్కర్లేదు.) ఆ గుబ్బకు మోచేతి వైపు, అంటే మనిషి వాచీ కట్టుకునే చోట, టేపు చుట్టి చూడండి. బిగించవద్దు, జారనివ్వవద్దు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఎండలో తిరిగి వచ్చాక ఒకసారి. రెండింటికీ తేడా కనపడుతుంది. 15, 16 సెంటీమీటర్లలో ఉంటే సన్నని చెయ్యి అనుకోండి. ఈ కుర్రాడిది 15.3.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. చుట్టుకొలత ఇంత ఉంటే వాచీ అంత అని ఫోనులో పట్టికలు తిరుగుతుంటాయి, వాటిని చూసి కొనేస్తారు. మేము ఆ పట్టికలను నమ్మము. మా అబ్బాయి చెయ్యి 15.5, మా బావమరిది చెయ్యి కూడా 15.5. అబ్బాయిది వెదురు బొంగులా గుండ్రం, బావమరిదిది పలకలా వెడల్పు. బావమరిది చేతి మీద హాయిగా కూర్చునే వాచీ అబ్బాయి చేతి మీద రెండు పక్కలా గాలిలో వేలాడుతుంది. చుట్టుకొలత ఒకటే, చేతులు వేరు. కాబట్టి రెండో కొలత తీయాలి. చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టి, మణికట్టు పైభాగాన స్కేలు అడ్డంగా పెట్టండి. రెండు పక్కలా చర్మం ఎక్కడ కిందికి వంగడం మొదలవుతుందో చూసి, ఆ మధ్య దూరం రాసుకోండి. వాచీ కూర్చునే అరుగు అదే. ఈ కుర్రాడి అరుగు 47 మిల్లీమీటర్లు.

దీనికి జోడు పెట్టాల్సింది వాచీ అడ్డం కొలత కాదు. పెట్టె మీద రాసేది, అమ్మేవాడు చెప్పేది అడ్డం ఒక్కటే: 36, 39, 42. అసలు కొలత నిలువుది. వాచీకి పైన రెండు, కింద రెండు కొమ్ములు ఉంటాయి, బెల్టు తగిలించేవి. లగ్గులు అంటారు షాపులో. పై కొమ్ము కొస నుంచి కింది కొమ్ము కొస వరకు ఎంత? అది చేతి అరుగు దాటకూడదు. దాటితే కొమ్ములు చేతికి బయట నిలుస్తాయి, బెల్టు అక్కడి నుంచి నిట్టనిలువునా కిందికి దిగుతుంది, చేతికీ బెల్టుకూ మధ్య వేలు దూరేంత సందు వస్తుంది. ఆ సందు కనపడితే ఎంత ఖరీదు వాచీ అయినా అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది.

అడ్డానికీ నిలువుకూ ఎంత తేడా ఉంటుందో చూడండి. ఒమేగా స్పీడ్‌మాస్టర్, చంద్రుడి మీదికి పోయిన వాచీ, అడ్డం 42. కానీ కొమ్ములు పొట్టివి, కిందికి వంగినవి, కొస నుంచి కొసకు సుమారు 48. జర్మనీ నోమోస్ కంపెనీ టాంజెంట్ అడ్డం 35 మాత్రమే. కొమ్ములు పొడుగు, కొస నుంచి కొసకు సుమారు 45. అడ్డంలో ఏడు మిల్లీమీటర్ల తేడా, నిలువులో మూడే. అడ్డం చూసి కొనేవాడికి ఈ సంగతి ఎక్కడ తెలుస్తుంది?

చైను వాచీ అయితే ఇంకో మెలిక. కొమ్ముల పక్కన ఉన్న మొదటి లింకు కొన్ని వాచీల్లో వంగదు, నిటారుగా ముందుకు పొడుచుకు వస్తుంది. అప్పుడు దాన్ని కూడా నిలువులో కలుపుకోవాలి. కాగితం మీద 46 అన్నది చేతి మీద 50 అవుతుంది. అదే వాచీని తోలు బెల్టుతో కడితే సరిగ్గా కూర్చుంటుంది. షోరూములో రెండు రకాలుగానూ చూపించమని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి, కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేది అందుకే కదా.

మందం, బరువు గురించి కూడా. వెనక మూత పొట్ట లాగా ఉబ్బి ఉంటే వాచీ చేతి మీద బొంగరంలా ఊగుతుంది. బరువంతా పైనే ఉంటే సన్నని చేతి మీద పక్కకు తిరిగిపోతుంది, టైము చూడాలంటే ప్రతిసారీ తిప్పుకోవాలి. ఒకే కొలత వాచీ స్టీలుకంటే పద్దెనిమిది క్యారెట్ల బంగారంలో దాదాపు రెండింతలు బరువు. టైటేనియం స్టీలులో సగానికి కొంచెం ఎక్కువ. బక్క చేతికి బంగారం పెట్టాలని పట్టుబట్టే వాళ్లు ఈ లెక్క చూసుకోండి. మేమైతే ఆ బంగారాన్ని అమ్మాయి మెడలో వెయ్యమంటాము.

మూడు పరీక్షలు చెబుతాము, షోరూములోనే చేయించండి. ఒకటి, వాచీ కట్టుకుని నమస్కారం పెట్టించండి. అరచేతులు కలిపినప్పుడు మణికట్టు వెనక్కి వంగుతుంది. కీ ఇచ్చే గుబ్బ చేతి వెనక భాగాన్ని పొడిస్తే ఆ వాచీ పెద్దది. పెళ్లికొడుకు ఆ రోజు ఎన్ని వందల నమస్కారాలు పెట్టాలో, ఎందరి పాదాల దగ్గర అరచెయ్యి నేలకు ఆనించాలో లెక్కేసుకోండి. సాయంత్రానికి చేతి మీద ఎర్రటి గుంట పడుతుంది. బుకింగు కౌంటరు సందులో చెయ్యి దూర్చి చిల్లర ఇచ్చిన మా లాంటి వాళ్లకు ఈ బాధ తెలుసు. పెద్ద వాచీ కట్టిన సహోద్యోగులు మధ్యాహ్నానికి దాన్ని తీసి సొరుగులో పెట్టేవాళ్లు.

రెండు, చొక్కా గుండీ పెట్టించి చూడండి, వాచీ కింద దూరుతుందా లేదా అని. మూడు, అద్దం. వాచీ కట్టి ఫోనుతో దగ్గరగా ఫోటో తీసి ఇంటికి పంపితే, దగ్గరున్న వస్తువు పెద్దదిగా పడుతుంది, ఇంట్లో వాళ్లు కంగారుపడతారు. నాలుగడుగుల దూరంలో నిలువుటద్దం ముందు చెయ్యి వదిలి నిలబడితే ఎదుటివాడికి ఎలా కనపడుతుందో అలా కనపడుతుంది. మండపం వెనక వరుసకు కూడా అంతే.

ఎండ గురించి ఒక మాట, మన ఊళ్లకు ఇది తప్పదు. మధ్యాహ్నానికి చెయ్యి కొంచెం ఉబ్బుతుంది. ఉదయం సరిపోయిన చైను పట్టేస్తుంది. కొన్ని చైన్ల లాకులో పనిముట్లు లేకుండానే సర్దుకునే వీలుంది. రోలెక్స్‌లో కొన్నిటికి 5 మిల్లీమీటర్లు పొడిగించే లింకు ఉంటుంది, ట్యూడర్ కొత్త లాకుల్లో 8 మిల్లీమీటర్ల వరకు మెల్లమెల్లగా సర్దుకోవచ్చు. సన్నని చేతికి ఇది పెద్ద సాయం, ఎందుకంటే ఒక లింకు తీస్తే బిగుతు, పెడితే వదులు అనే బాధ సన్నని చేతికే ఎక్కువ. లింకులు తీయించేటప్పుడు ఒకే పక్క తీయనివ్వకండి. లాకు మణికట్టు కింద నడిమధ్యకు రావాలి. తీసిన లింకులు అడిగి తెచ్చుకోండి, వయసొచ్చాక చెయ్యి లావెక్కితే కావాలి. ఇంకొకటి, లింకులు తీసి, పైన అంటించిన ప్లాస్టిక్ రేకు పీకాక చాలా షాపులు వాచీ వెనక్కి తీసుకోవు. అందుకే కుర్రాడు లేకుండా కొనకండి అనేది.

మా తమ్ముడి సంగతికి వస్తాము. కుర్రాడిని వెంటబెట్టుకుని నలుగురం వెళ్లాము. మొదట ట్యూడర్ బ్లాక్ బే 54 చూపించారు. అడ్డం 37, కొస నుంచి కొసకు సుమారు 46. చక్కగా కూర్చుంది. డయల్ చుట్టూ వెడల్పు రింగు, నల్ల మొహం, అందువల్ల ఉన్నదానికంటే కొంచెం చిన్నదిగా కూడా కనపడింది. కుర్రాడికి నచ్చింది. మా మరదలు ఒక్కసారి చూసి, "నల్ల మొహం వాచీనా ముహూర్తానికి?" అంది. అంతే, దాని కథ ముగిసింది. మేమూ వాదించలేదు. పెళ్లిలో నలుపు వద్దన్న మాటకు మిల్లీమీటర్లతో జవాబు చెప్పలేము.

తెల్ల మొహానికి వస్తే లెక్క మారుతుంది. లేత రంగు డయల్, చుట్టూ సన్నని రింగు ఉంటే అదే కొలత వాచీ పెద్దదిగా కనపడుతుంది. తమ్ముడికి ఇది చెప్పగానే వాడి మొహం వికసించింది. నిలువు తగ్గించుకుని, కంటికి పెద్దదిగా కనపడేది కావాలన్నమాట. అల్లుడికీ సుఖం, మామకూ మర్యాద. అలా తేలింది గ్రాండ్ సీకో, కీ ఇచ్చేది, తోలు బెల్టు. అడ్డం 37.3, కొస నుంచి కొసకు 44.3, మందం 11.6. మొహం వెన్నపూస రంగు. అరుగు 47 ఉన్న చేతి మీద రెండు పక్కలా కొంచెం చోటు వదిలి కూర్చుంది. నమస్కారం పెట్టించాము, గుబ్బ తగల్లేదు. ఒకసారి నిండా కీ ఇస్తే మూడు రోజులు నడుస్తుందని చెప్పారు. తమ్ముడు వాచీ చేతిలోకి తీసుకుని కీ తిప్పి చూసి, "మన జనతా లాగే ఉంది కదన్నా" అన్నాడు. జపాను వాళ్లదే కదరా, చుట్టరికం ఉండదా అన్నాము.

బెల్టు మాత్రం చివరి రంధ్రానికి వచ్చింది, తోక పొడుగ్గా మిగిలింది. పొట్టి సైజు బెల్టు తెప్పించమని అడిగితే రెండు వారాలు పడుతుందన్నారు, పట్టింది. సన్నని చేతి వాళ్లు ఈ పొట్టి బెల్టు సంగతి ముందే అడగాలి. చాలామందికి అలాంటిది ఒకటి ఉంటుందనే తెలియదు. తోలు బెల్టు చెమటకు త్వరగా పాడవుతుంది కాబట్టి ఎండాకాలానికని గుడ్డ బెల్టు ఒకటి అదనంగా తీసుకున్నాము.

వాచీ తోలుదని తెలిసి అవ్వ ఒక షరతు పెట్టింది, తాళి కట్టే వేళకు అది చేతికి ఉండకూడదని. సరేనన్నాము. ముహూర్తం వేళ కుడి చేతికి కంకణం, ఎడమ చెయ్యి ఖాళీ. వాచీ మా తమ్ముడి జేబులో. వెనక వరుస దాకా కనపడాలన్న వాచీని ఆ గంటసేపు ఎవరూ చూడలేదు. సాయంత్రం రిసెప్షన్‌లో కట్టుకున్నాడు. మా ఇంటావిడ మమ్మల్ని గిల్లి చూపించింది, కోటు చెయ్యి కొంచెం పైకి లాక్కుని ఉంది, చొక్కా గుండీ తీసి ఉంది.

ఆడవాళ్ల వాచీల గురించి కూడా ఇద్దరు అడిగారు. ఇదే కొలత, ఇదే నిలువు, ఇదే నమస్కారం. గాజులతో కలిపి వేసుకునే వాళ్లయితే గాజులు వేసుకునే షోరూముకు వెళ్లండి. ఈ మధ్య ఆడపిల్లలు 36 కూడా కడుతున్నారు, బాగానే ఉంది. ఆడ సైజు, మగ సైజు అనే అరలు ఇంకొన్నాళ్లకు పోతాయని మాకు అనిపిస్తోంది.

పాత వాచీలు, అరవై డెబ్బై ఏళ్ల కిందటివి కొనుక్కుందామా అని ఒకరు అడిగారు. కొలతకు అవి సన్నని చేతికి ఎంతో బాగుంటాయి, అప్పటి మగవాళ్ల వాచీలు 33 నుంచి 36 లోపే కాబట్టి. కానీ పాత బజార్లలో మొహానికి కొత్త రంగు వేసి అమ్మేవి చాలా తిరుగుతున్నాయి. తెలిసినవాళ్లు తోడు లేకుండా సీరుకు వాటి జోలికి పోవద్దు.

తై పెళ్లిళ్ల వాళ్లు షోరూముకు పోయే ముందు కుర్రాడి చుట్టుకొలత, అరుగు కొలత, రెండూ మాకు పంపండి. కొలవడం కుదరకపోతే ఆదివారం మధ్యాహ్నం కుర్రాడిని తీసుకుని మా ఇంటికి రండి. టేపు, స్కేలు ఉన్నాయి. భోజనం కూడా ఇక్కడే.